అల్పశక్తి చరిత్రము

వంటయింట గ్యాసుపొయ్యి వెలిగించుటకు వాడుకొను లైటరును చేతబట్టి యెన్నడైన నాలోచించితిమా? పెక్కు లైటర్లలో నూనె లేదు, బ్యాటరీ లేదు. మీట నొక్కగానే లోపలి చిన్న సుత్తి యొక పింగాణివంటి ముక్కను కొట్టును. ఆ దెబ్బకు వేలకొలది వోల్టుల విద్యుత్తు పుట్టి నిప్పురవ్వ యెగయును. ఒత్తిడిచే విద్యుత్తు పుట్టు నీ ధర్మమునకు పీడనవిద్యుత్తని పేరు. నడచువారి యడుగులనుండియు, బండ్ల కుదుపులనుండియు నీ విధముగనే విద్యుత్తును రాబట్టి వీధులలో దీపములు పెట్టవచ్చునని కొందఱు చెప్పుచున్నారు. ఈ మాట యెంతవఱకు నమ్మదగినదో తెలియవలెనన్న, దీని చరిత్రమును కొంత పరిశీలింపవలెను.

18వ శతాబ్ది తొలినాళ్ళలో డచ్చి వర్తకులు సింహళమునుండి టూర్మలిను అను రాళ్ళను ఐరోపాకు గొనిపోయిరి. వేడిచేసినప్పుడు ఆ రాయి బూడిదను తనవైపునకు లాగుకొనుచుండెను. జనులు వింతపడి దానికి బూడిదలాగు రాయి యని పేరిడిరి. వింతపడుటతోనే నిలిచియుండినచో నది మహిమగల రాయిగానే మిగిలిపోయెడిది. కాని 1756లో ఎపినస్ అను పండితుడు పరీక్షించి, ఈ యాకర్షణము విద్యుత్తు చేతనే కలుగుచున్నదని నిరూపించెను.

అటుపిమ్మట ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అను సోదరులు స్ఫటికముల నిర్మాణమును పరిశీలించుచు, వేడిచే విద్యుత్తును పుట్టించు స్ఫటికములు ఒత్తిడిచేతను పుట్టింపవలెనని యూహించిరి. 1880లో ఆ యూహను పరీక్షించి నిజమని తేల్చిరి. అప్పటికి పియరీకి 21 ఏండ్లు. టూర్మలినులోనే కాదు, పలుగురాతిలోను, చెఱకు పంచదార స్ఫటికములోను ఈ గుణము కనబడెను. విద్యుత్తు నిచ్చినచో స్ఫటికముయొక్క యాకారము మారవలెనని 1881లో లిప్మన్ గణితముచే జూపగా, సోదరులు ఆ సంవత్సరమే దానినిగూడ ఋజువుచేసిరి.

ఇట్టి స్ఫటికములలో ధన, ఋణ విద్యుదావేశములుగల కణములు ఒక క్రమమున నమరియుండును. నొక్కినప్పుడు ఆ యమరిక యించుక చలించి, యొక ముఖమున ధనావేశమును, ఎదుటి ముఖమున ఋణావేశమును పొడసూపును. నొక్కి యట్లే యుంచినచో విద్యుత్ప్రవాహము నిలిచిపోవును. మరల మరల నొక్కి వదలుచుండవలెను. కనుకనే యెడతెగని కంపనములు దీనికి తగిన యాధారము.

ఈ ధర్మమును కనుగొన్నంతనే ధనము రాలేదు, దీపము వెలుగలేదు. పుట్టిన విద్యుత్తు అత్యల్పము. కాని యెంత బరువునకు నెంత విద్యుత్తు పుట్టునో ఖచ్చితముగ లెక్కింపవచ్చును గనుక, సోదరులు పలుగురాతి పలకతో నొక కొలత సాధనమును నిర్మించిరి. 1898లో మేరీ క్యూరీ చేతిలో నది తన విలువను చాటుకొనెను. ఆమె పుట్టిన వార్సా నగరమునందలి విశ్వవిద్యాలయమున నాడు స్త్రీలకు ప్రవేశము లేదు. ఆమె చదువుకొఱకు 1891లో పారిసు చేరి, 1895లో పియరీని వివాహమాడెను. యురేనియము కిరణములు గాలిలో పుట్టించు స్వల్పప్రవాహమును, బరువులచే పలుగురాతిలో పుట్టించిన విద్యుత్తుతో సరితూచి కొలిచెను. పిచ్‌బ్లెండు అను ఖనిజము శుద్ధ యురేనియముకంటెను హెచ్చుగా కిరణములు వెలువరించుచున్నదని ఆ కొలతలే తెలిపినవి. ఆ హెచ్చునకు కారణము వెదకగా ఆ సంవత్సరమే పొలోనియము, రేడియము బయల్పడినవి. 1911 జనవరిలో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఆమెను సభ్యురాలిగా నెన్నుకొనలేదు. ఆ యేటనే ఆమెకు రెండవ నోబెలు బహుమానము లభించెను. రాతిలోని యల్పశక్తిని తృణీకరింపక కొలిచిన స్త్రీకి మహాసత్యము దొరకినది. ఆ స్త్రీని తృణీకరించిన సభ తన గౌరవమునే తగ్గించుకొన్నది.

పియరీ శిష్యుడగు లాంజెవాన్ మొదటి మహాయుద్ధకాలమున పలుగురాతిని కంపింపజేసి, నీటిలో ధ్వనితరంగములను పంపి జలాంతర్గాములను పసిగట్టు సాధనమును కల్పించెను. 1927లో అమెరికాలో పలుగురాతి గడియారము పుట్టెను. నేటి చేతిగడియారములలోని పలుగుముక్క సామాన్యముగా సెకనునకు 32,768 మారులు కంపించును. రెండవ మహాయుద్ధకాలమున బేరియము టైటనేటును, 1950 తరువాత అంతకంటె మేలైన, సీసము కలిసిన మఱియొక పింగాణియు వాడుకలోనికి వచ్చినవి.

ఇక వీధిదీపముల మాట. 60 కిలోల మనుష్యుడు అడుగువేయగా నేల 5 మిల్లీమీటర్లు క్రుంగినదనుకొందము. ఆ యడుగున లభించు శక్తి సుమారు 3 జౌలులు. 10 వాట్ల దీపమునకు సెకనునకు 10 జౌలులు కావలెను. ఏమియు నష్టము కాకున్నను సెకనునకు మూడడుగులకు మించి పడుచుండినగాని యొక్క దీపము వెలుగదు. పింగాణి పలక యంతగా క్రుంగదు గనుక దానివలన వచ్చునది మిక్కిలి తక్కువ. పైగా నిది యుచితముగ వచ్చునది కాదు. క్రుంగు నేలపై నడచువాడు తిన్న యన్నమునుండియే ఆ శక్తి వచ్చును. టోకియో రైల్వేస్టేషనులో 2006, 2008 సంవత్సరములలో నిట్టి పలకలను నేలపై పరచి పరీక్షించిరి. 1998లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమువారు పాదరక్షలో పీడనవిద్యుత్తు పొరలను అమర్చిరి. వచ్చినది కొద్ది మిల్లీవాట్లు మాత్రమే. అయినను చిన్న రేడియో సంకేతమును పంపుటకది చాలినది.

దీని నిజమైన స్థాన మిట్టిచోటనే యున్నది. మాటిమాటికి బ్యాటరీ మార్చుట కష్టమైన యంత్రముల లోపలను, వంతెనల క్రిందను నిలిచి, ఆ కంపనములతోనే బ్రదుకుచు, పగులు కనబడకముందే హెచ్చరిక పంపు చిన్న పరికరములకు మైక్రోవాట్లే భాగ్యము. నూరు దీపములు వెలిగింతునని చెప్పు మాట కంటె, ఒక వంతెన కూలకుండ మేలుకొలుపు సంకేతము గొప్పది. అల్పమైన దానిని మహిమయని పొగడుటయు, అల్పమని పాఱవేయుటయు రెండును కొలవని బుద్ధికి లక్షణములే. మన పిల్లలకు లైటరు రవ్వను జూపి యాశ్చర్యపడుట నేర్పుదము. వెనువెంటనే కొలుచుటయు నేర్పుదము. ఆడుపిల్లకు గూడ ఆ త్రాసు నందీయవలెను.