ఒడ్డు లేని వాళ్ళం

'మీరు ఓడలెక్కి వచ్చినోళ్ళు' అని మమ్మల్ని అంటూ ఉంటారు. కోపంతో అనేవాళ్ళున్నారు, నవ్వుతూ అనేవాళ్ళూ ఉన్నారు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దూది ఏకుతూ, బండి తోలుతూ, కోర్టు ముందర అర్జీలు రాస్తూ బతికిన మా తాతలు ఓడ ముఖం చూడలేదు. అయినా ఓడ సంగతి ఎత్తారు కనుక, ఆ లెక్కే చూద్దాం.

ముందు మన సరుకే ఓడెక్కింది. మెట్‌పల్లి దాటితే నిజామాబాద్ వైపు కోనసముద్రం వస్తుంది. పేరులో సముద్రం ఉంది గాని, ఊరికి దరిదాపుల్లో సముద్రం లేదు. అక్కడి కొలిముల్లో మూసలు పెట్టి కాచిన ఉక్కు ముద్దలు బందరు రేవు మీదుగా పర్షియా దాకా పోయి కత్తులయ్యాయి. వోయ్‌సీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త 1820ల నాటికి అక్కడికి వెళ్ళి, పర్షియా వర్తకులు ఆ ఊళ్ళోనే మకాం వేసి ఉక్కు కొనడం చూశాడు. ఆయన చనిపోయాక 1832లో ఆ రాత అచ్చయింది. అంటే వచ్చినవాడు కొనడానికి వచ్చాడు. కాచినవాడు కమ్మరి. వాళ్ళిద్దరి మధ్య మతం ఏం అడ్డమొచ్చిందో మాకు ఎక్కడా కనబడలేదు.

అయితే సరుకు మనదైనా సముద్రం మనది కాలేదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు ఒక కాయితం పుట్టించారు. దాని పేరు కర్తాజ్. అది చేతిలో లేని ఓడను పట్టుకుంటారు, సరుకు గుంజుకుంటారు. మక్కాకు పోయే ఓడకూ ఆ కాయితం కావాల్సిందే. సముద్రానికి పట్టా ఎవడిచ్చాడని అడిగే నౌకాబలం మన సుల్తానులకు లేదు. పైగా 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషు కంపెనీకి ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి 500 హొన్నులు కడితే చాలు, గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోవచ్చునట. 'బంగారు ఫర్మానా' అంటారు దాన్ని. బంగారం ఎవరికయిందో చెప్పనక్కర్లేదు.

1759లో బందరు కోట కంపెనీ చేతికి పోయింది. 1766లో సర్కారు జిల్లాలకు నిజాం అలీఖాన్ ఒప్పుకున్నాడు. తీరం పోయింది. ఆ తర్వాత 1802 ఏప్రిల్‌లో ఒక వర్తక ఒప్పందం రాసుకున్నారు. బందరు రేవును నిజాం స్వేచ్ఛగా వాడుకోవచ్చు, అక్కడ కోఠీ పెట్టుకోవచ్చు, ఆయన ఓడలకు ఇంగ్లీషు వాళ్ళ రక్షణ ఉంటుంది. సరుకు మీద నూటికి అయిదు సుంకం. చదవడానికి ఎంత బాగుంది! ఓడలేవీ? తన రేవును కిరాయిదారుకు అప్పజెప్పి, వాడి అనుమతితో నీళ్ళు తోడుకున్నట్టుంది ఈ ఒప్పందం.

మన గోదావరి కథ ఇంకా దగ్గరిది. బీరారు పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీద పడవల్లో సముద్రానికి దించాలని ఆర్థర్ కాటన్ దొర ఆలోచన. దానికోసం 1860 డిసెంబరు ఒప్పందంలో గోదావరి ఎడమ గట్టు తాలూకాలు నిజాం దగ్గర తీసుకున్నారు. కాళేశ్వరానికి ఎదురుగా ఉన్న సిరోంచ అట్లనే పోయింది. నది మీద పోయే సరుకుకు ఇటువాళ్ళు గాని అటువాళ్ళు గాని సుంకం వసూలు చేయరాదన్నారు. బదులుగా నల్దుర్గం, రాయచూరు దోఆబు తిరిగొచ్చాయి, సురపురం దక్కింది, 50 లక్షల అప్పు మాఫీ అయింది. అప్పు నిజాంది, ఒడ్డు మాది. ఒడ్డు మీద బతికే గోండును గాని, బెస్తను గాని, దూదేకులను గాని ఎవరూ అడగలేదు.

అమెరికా అంతర్యుద్ధంతో లాంకషైర్ మిల్లులకు పత్తి కరువై, 1861 నుంచి ఈ పనికి తొందర పెరిగింది. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి దగ్గర బండరాళ్ళతో కొట్లాడారు. ఎండాకాలం నదిలో నీళ్ళుండవు. ఇంతలో 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది, పత్తి అటు మళ్ళింది. 1871లో పని ఆపేశారు. పని ఆగింది గాని, ఇచ్చిన గట్టు వెనక్కి రాలేదు. సిరోంచ వాళ్ళు తెలుగు మాట్లాడుకుంటూ ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్నారు.

ఇక సుంకం. విదేశీ సరుకు మీద రేవులో బ్రిటిషు సర్కారు ఒకసారి వసూలు చేసేది. హైదరాబాదు సరిహద్దులో కరోడ్‌గిరీ నాకా మళ్ళీ వసూలు చేసేది. రెండూ కలిసి కొనేవాడి నెత్తిన పడేవి. ఈ రేవు సుంకంలో మా వాటా ఏదని సంస్థానాలు 1927లో వేసిన బట్లర్ కమిటీ ముందు గట్టిగానే అడిగాయి. ఆ కోరికలో బలముందని 1929 నివేదిక ఒప్పుకుంది కూడా. కానీ వాటా వస్తే ఖజానాకు వచ్చేది. జగిత్యాల సంతలో బట్ట కొనే మనిషికి అణా తగ్గేదని మేమనుకోం. ఆ ఖజానాకు మమ్మల్ని వారసులని 1948 తర్వాత ఎందరో అన్నారు. వారసత్వంగా మాకొచ్చింది ఆ మాటే.

మాలో సముద్రం చూసినవాళ్ళు హజ్‌కు పోయినవాళ్ళు. రైల్లో బొంబాయి, అక్కణ్ణుంచి ఓడ. ఓడలో ఎందరెక్కాలి, ఎంత జాగా అన్నదానికి 1895లో యాత్రికుల ఓడల చట్టమే చేశారు. డబ్బయిపోయి జిద్దాలో చిక్కుకున్న పేదల్ని వెనక్కి తెచ్చే ఖర్చు సర్కారుకు బరువైంది. 1925లో చట్టం సవరించి, తిరుగు టిక్కెట్టు కొన్నవాణ్ణో, దాని డబ్బు ముందే కట్టినవాణ్ణో తప్ప ఎక్కనియ్యొద్దన్నారు. అది పేదవాణ్ణి హజ్‌కు దూరం చేయడమేనన్న ఫిర్యాదు అప్పట్లోనే ఉంది, అందులో నిజముంది. 1995తో ఆ ఓడ ప్రయాణమూ ఆగిపోయింది.

ఓడలెక్కి వచ్చినోళ్ళని అంటారు గదా. అవును, వచ్చారు. తిరుగు టిక్కెట్టు ముందే కొనుక్కొని, జిద్దా నుంచి బొంబాయికి, బొంబాయి నుంచి కరీంనగర్‌కు, చేతిలో జంజం డబ్బాతో ఇంటికొచ్చారు.