బలం చాలని లేజర్ చేసిన మేలు

షుగర్ ముదిరినవాళ్లను సూర్యాపేటలో పలకరించినా, కోదాడలో, మిర్యాలగూడలో పలకరించినా తరచూ ఒక మాట అంటారు: నోరు పిడచ కట్టుకుపోతోందని. రాత్రి లేచి చెంబెడు నీళ్లు తాగినా తీరదు. ముద్ద గొంతు దిగదు, పళ్లు పుచ్చుతాయి, నాలుక మండుతుంది. వయసు మీద పడిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. చాలాసార్లు దెబ్బతినేది లాలాజల గ్రంథులు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క తేల్చింది కనుక, ఇది చిన్న బాధ కాదు.

ఈ గ్రంథులకు ఎర్రటి వెలుతురుతో ఊపిరి పోయవచ్చన్న ఆలోచనకు మూలం బుడాపెస్ట్‌లో ఉంది. అమెరికా శాస్త్రవేత్త థియోడర్ మైమన్ 1960 మే 16న తొలి లేజర్‌ను వెలిగించాడు. కొన్నేళ్లకు, బోస్టన్ వైద్యుడొకరు లేజర్‌తో కణితులను కరిగించాడని విని, హంగేరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ తానూ ఎలుకల మీద ప్రయత్నించాడు. ఆయన చేతిలోని రూబీ లేజర్‌కు అంత బలం లేదు. కణితి కరగలేదు. కానీ గొరిగిన చోట ఎలుకకు వెంట్రుకలు తొందరగా మొలిచాయి. ఇది 1967 నాటి మాట. ప్రయోగం చెడిపోయిందని పక్కన పడేయకుండా, ఆ వెంట్రుకలను పట్టించుకోవడమే మెస్టర్ గొప్పదనం. తర్వాత ఆయన మానని పుండ్ల మీద అదే వెలుతురును ప్రయోగించాడు.

వెలుతురు కణంలో ఏం చేస్తుంది? మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఎర్రకాంతిని పీల్చుకుని ఏటీపీ తయారీని పెంచుతుందని రష్యా శాస్త్రవేత్త టీనా కారూ ప్రతిపాదించింది. దీని మీద వాదన ఇంకా సాగుతోంది. కణాన్ని నడిపించే ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి గుర్తించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు విడిగా కనుక్కున్నాడు.

ఇది వెలుతురు పాయ. ఈ కథలో రెండో పాయ రక్షణ ఎంజైములది. రక్తంలో చక్కెర ఎక్కువైతే మైటోకాండ్రియాలో సూపరాక్సైడ్ అనే దురుసు అణువు పోగవుతుంది. దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైమును 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ గుర్తించారు. ఆ పెరాక్సైడ్‌ను నీరు చేసే పని కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌లది. ఈ కాపలా చాలకపోతే గ్రంథి కణాల పొరలు పాడవుతాయి.

రెండు పాయలూ కలిసింది బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయంలో. అలీన్ సిమోయిస్, జోసె నికొలావ్ తదితరులు స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చి ఎలుకలకు మధుమేహం తెప్పించారు. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి యాంటీబయాటిక్‌గా దొరికిన ఈ మందు క్లోమంలోని ఇన్సులిన్ కణాలను చంపుతుందని 1963లోనే తేలింది. ఆ ఎలుకల గ్రంథుల్లో రక్షణ ఎంజైములను రోజులు గడిచేకొద్దీ కొలిస్తే, చెంప దగ్గరి గ్రంథీ దవడ కింది గ్రంథీ మధుమేహానికి ఒకేలా స్పందించలేదు. తర్వాత ఆ గ్రంథుల మీద ఎర్ర లేజర్ ప్రసరింపజేశారు. దవడ కింది గ్రంథిలో వాపు, కణాల చావు తగ్గినట్టు 2017లో ప్రచురించారు.

ఇవి ఎలుకల ఫలితాలు. వీటిని చూపి షుగర్ రోగికి లేజర్ అమ్మితే నేను ఒప్పుకోను. కొన్ని క్యాన్సర్ చికిత్సల్లో నోరు పూయకుండా చూసేందుకు మాత్రం ఈ వెలుతురును అంతర్జాతీయ మార్గదర్శకాలే సిఫార్సు చేస్తున్నాయి, అంటే నోట్లో వాడే పద్ధతి వైద్యులకు తెలిసిందే. కోదాడ, సూర్యాపేటల మీదుగా వచ్చే జాతీయ రహదారీ, మిర్యాలగూడ, నల్లగొండల మీదుగా వచ్చే అద్దంకి దారీ నార్కట్‌పల్లిలో కలుస్తాయి. అక్కడ దంత వైద్య కళాశాల ఉంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధుమేహులను తీసుకుని, సగం మందికి లేజర్, సగం మందికి వెలగని దీపం పెట్టి, లాలాజలాన్నీ అందులోని రక్షణ ఎంజైములనూ కొలిచే పరీక్ష అక్కడ జరగాలని నా కోరిక.