చెఱువుకట్టపై గాలము

ఉత్తరపినాకిని, దక్షిణపినాకిని, చిత్రావతి, పాపఘ్ని, పాలారు, అర్కావతి, ఇన్ని నదులకు నందికొండలును వాని పరిసరగిరులును జన్మస్థానములై యుండగా, ఆ కొండల పాదమున వసించు చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సీమల ప్రజలకు మాత్రము సంవత్సరము పొడుగున పాఱు ఏఱు ఒక్కటియు లేకపోవుట ఈ ప్రదేశచరిత్రమునందలి ప్రథమసత్యము. పుట్టినచోట నది సన్నని వంకగానే యుండును. వాన కురిసిన నాలుగు దినములు పొంగి, పిమ్మట ఇసుకను మిగిల్చి, తన నీటిని దిగువనున్న రాయలసీమకో తమిళసీమకో కొనిపోవును. ఏటికి సుమారు 700 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఈ మెట్టనేలలో పూర్వులు నదిని నమ్ముకొనక, వంకకు అడ్డముగా మట్టికట్ట పోసి, వాననీటిని నిలిపి బ్రదుక నేర్చిరి. చెఱువు లేనిదే ఇచ్చట వరిమడి లేదు, పశువులకు నీరు లేదు, చేపయు లేదు. సముద్రగాలి సోకని ఈ సీమలో మత్స్యవిద్య యేదైన పుట్టవలసియున్నచో అది చెఱువుకట్టమీదనే పుట్టవలసియుండెను. ఆ విద్యలో నేను విశేషముగా చెప్పదలచినది, చేతపట్టుకొని కూర్చుండు గాలమును గూర్చి కాదు; గట్టున నాటి విడిచి, దూరమునుండి దాని సంజ్ఞను కనిపెట్టు గాలమును గూర్చి.

ముందుగా చెఱువులను గూర్చి కొంత చెప్పవలెను, ఏలయన గాలము నేర్పినది చెఱువే. ఆవతి ప్రభువుల వంశీయుడగు మల్లబైరేగౌడుడు 1479 ప్రాంతమున చిక్కబళ్ళాపురపు కోటను నిర్మించెనని చరిత్రకారులు వ్రాసిరి. చిక్కబళ్ళాపురమునకును బాగేపల్లికిని నడుమనున్న గుడిబండలో 17వ శతాబ్దమున పాలెగాడు బైరేగౌడుడు గుట్టమీద కోటను, గుట్టక్రింద అమానిబైరసాగరమను విశాలమైన చెఱువును కట్టించెను. ఆ కోట నేడు సందర్శకులకు వేడుక. చెఱువు మాత్రము నేటికిని నీరు పట్టుచున్నది. పాలెగాండ్ర ఘనతను తూచుటకు వారి బురుజులకంటె వారి తూములే తగిన కొలతలని నా యభిప్రాయము. ఒక చెఱువు నిండి కోడి పాఱినచో ఆ నీరు క్రింది చెఱువును, అది నిండినచో దాని క్రిందిదానిని చేరునట్లు వంకలపొడవున ఈ జలాశయములు గొలుసుకట్టుగా నిర్మితములైనవి. 19వ శతాబ్దమున మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరుగా నుండిన సాంకీ దొర, ఈ రాజ్యమున క్రొత్త చెఱువునకు తగిన చోటు వెదకి పట్టుటకే నేర్పు కావలెనని ఆశ్చర్యపడెను. పిమ్మట 1892లో మద్రాసు ప్రభుత్వమునకును మైసూరునకును కుదిరిన ఒడంబడిక పెన్న, చిత్రావతి, పాపఘ్ని, పాలారు మొదలగు నదులను పేరుపేరున చెప్పి, మద్రాసువారి సమ్మతి లేనిదే వానిపై మైసూరువారు క్రొత్త జలాశయములు కట్టరాదని నిర్బంధించుటచేత, ఇచ్చటివారికి తాతలనాటి చెఱువులే శరణ్యములయ్యెను. తూము తెఱచుటకును మూయుటకును నీరుగంటి యుండెను. ఆయకట్టులో ఎవరిమడికి ఎంత నీరో ఆతడే యెఱుగును. చెఱువులో నేమూల ఎంత లోతో, ఏ మడుగున నీరు కడపట ఇంకునో అతనికి తెలిసినట్లు మఱి యెవరికిని తెలియదు.

వేసవిలో నెఱ్ఱెలు వాఱు చెఱువులో చేప యెట్లు బ్రదుకునని పరదేశి యడుగవచ్చును. కొరమీను, మార్పు, ఇంగిలాయి, ఈ మూడు జాతులును మొప్పలతోనే గాక పైగాలినిగూడ పీల్చి జీవింపగలవు. నీరు తగ్గి బురద మిగిలినప్పుడు కొరమీను ఆ బురదలో దూఱి, తేమ నాశ్రయించి, వానకై వేచియుండును. తొలకరికి చెఱువున నీరు చేరిన కొలది దినములకే అందు చేపలు మెదలుట చూచి, అవి మబ్బులనుండి రాలినవని పల్లెపెద్దలు చెప్పుకొనుట ఇందువలననే. వానకాలమున కొరమీను గ్రుడ్లు పెట్టి, పిల్లలైన పిమ్మట వానిని విడిచిపోక కాచుచుండును. ఎఱ్ఱని ఆ పిల్లలగుంపు నీటిమీద కదలునప్పుడు దాని క్రిందనే తల్లియో తండ్రియో ఉండును. ఆ సమయమున గాలము వేయుట అధర్మమని నేనును తలంతును. కాపు లేని పిల్లలను ఇతర చేపలు క్షణములో మ్రింగివేయును.

నీటిమట్టమును బట్టి సాధనము మాఱును. నీరు మోకాలిలోతునకు దిగినప్పుడు ఊత పనికివచ్చును; అడుగులేని ఆ వెదురుబుట్టను బురదనీటిలో గ్రుచ్చి, పైరంధ్రమున చేయి చొప్పించి, లోపల చిక్కినదానిని తడవి పట్టుకొందురు. అడుగంటినప్పుడు ఊతయు అక్కఱలేదు, వట్టిచేతులే చాలును; అది ఊరంతటి సంబరము. కాని చెఱువు నిండుగా నున్నప్పుడు, మునిగిన తుమ్మకంపలకు తగిలి వల చినుగును, దిగి వెదకుటకు లోతు అడ్డము వచ్చును. ఆ కాలమున గాలమొక్కటే చేపను చేరగలదు. వల బెస్తలకు కులవృత్తి. గాలమో, సేద్యగానికి, పసులకాపరికి, బడి విడిచిన బాలునకు, అందఱకును చెందినది.

దానికి వలయు సామగ్రి స్వల్పము. సన్నని వెదురుకఱ్ఱ, దారము, ఇనుపగాలము, బెండు, ఎఱ. నైలాను దారము రాకముందు నూలుదారమే గతి. దక్షిణదేశపు మత్స్యకారులు వలలకును దారములకును నీటితుమికి కాయల రసము పట్టించి, అవి నీట నాని కుళ్ళకుండ గట్టిపఱచుకొనుచుండిరి. బెండునకు ఎండిన జొన్నదంటులోని తెల్లని బెండుగాని, నెమలియీక కాడగాని చాలును. పరిగెలకు, జెల్లలకు ఎఱ్ఱలు ఎఱగా కూర్తురు. ముద్ద తిను పెద్దచేపలకు రాగిపిండిని ఉడికించి, గట్టిగా పిసికి, గాలము కనబడకుండ చుట్టుదురు. మనుష్యులకు సంగటియైన ధాన్యమే చేపలకు ఎఱ యగుట రాగిసీమకు సహజమే. కావేరీతీరమున మహాశీర మత్స్యమునకై వచ్చిన ఆంగ్లేయులుసైతము ఈ రాగిముద్దనే యాశ్రయించిరి.

కొరమీనునకు పద్ధతి వేఱు. అది పిండికి రాదు. ప్రాణముతో కదలునదే కావలెను. సాయంకాలమున, తుంగయు తామరాకులును గల అంచున, ఒక వెదురుబద్దను నీటివైపు వంగియుండునట్లు లోతుగా నాటుదురు. బద్ద మొదలు బలిసియు, కొన సన్నగిల్లి సాగునట్లును ఉండవలెను. పండిన బద్ద విఱుగును, మఱీ పచ్చిది వంగినది వంగినట్లే యుండిపోవును. కొనకు దారము కట్టి, దాని చివరి గాలమునకు చిన్నకప్పను వీపుతోలునందు మాత్రము గ్రుచ్చి, అది చావక నీటిపై కాళ్ళాడించునట్లు వ్రేలాడదీయుదురు. దారపు పొడవులోనే విద్యయంతయు నున్నది. మిక్కిలి పొడవైనచో కప్ప మునిగి తుంగలో దాగును. పొట్టియైనచో గాలిలో వ్రేలాడి నీటిని కదలింపదు. కప్ప పొట్ట నీటిని తాకీతాకకుండ ఉన్నప్పుడే అలలు వలయములై వ్యాపించి, ఆకులక్రింది కొరమీనును పిలుచును. కొరమీను ఎగిరి కఱచి, వెనుదిరిగి లోతునకు పోవ యత్నింపగా బద్దకొన వంగును; తిరిగి లేవగోరు ఆ బద్దయొక్క బలమే దారమును బిగియించి, మనుష్యుడు దగ్గఱ లేకున్నను గాలమును నాటును, చేపను తుంగలోనికి పోనీయక నిలుపును. ఒక్కడే గట్టుపొడవున ఇట్టి బద్దలను వరుసగా నాటి, ఇంటికి పోయి నిద్రించి, వేకువను వచ్చి చూచుకొనును. దూరమునుండియే ఏ బద్దకొన ఆడుచున్నదో, ఏది నిశ్చలముగా నున్నదో తెలియును.

ఈ విద్యను ఎవరును కూర్చుండబెట్టి పాఠముగా చెప్పరు. అన్నవెంట తమ్ముడు, మామవెంట మేనల్లుడు కట్టకు పోయి, ముందు ఎఱ్ఱలు త్రవ్వుట, పిమ్మట కప్పలు పట్టుట, ఆ పిమ్మట బెండును చదువుట నేర్చును. బెండు చిటికచిటికగా అదరినచో పరిగెలు ఎఱను కొఱుకుచున్నవి. లాగినచో ఎఱ పోవును, చేప రాదు. మెల్లగా ప్రక్కకు జరిగి జరిగి నిలిచినచో అది ఎండ్రకాయ. జెల్ల యైనచో బెండు రెండుమూడు మాఱులు మునిగి తేలి, పిమ్మట ఒక్కసారిగా క్రిందికి పోవును. పైకి లాగినతర్వాత దాని ముండ్లు చేతికి తగులకుండ పట్టుట వేఱొక పాఠము. చేతిగాలమున కప్ప కఱచిన కొరమీనును వెంటనే లాగరాదు. అది నోట కఱచుకొని కొంతదూరము పోయి, తల త్రిప్పి మ్రింగువఱకు ఓర్చుకొనవలెను. బాలురు తప్పక ముందుగానే లాగుదురు. పెద్దలు తిట్టక, మఱియొక కప్పను గ్రుచ్చి యిత్తురు.

ఇట్లు నాటి విడిచిన గాలము తనంతట తానే సంజ్ఞ చేయు ఉపాయము మానవులు భూగోళపు టెదురుకొనలందును కనిపెట్టిరి. అమెరికాదేశపు మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రములలో శీతకాలమున సరస్సుల పైభాగము గడ్డకట్టి, కనీసము 4 అంగుళముల మందమైన పిమ్మట జనులు దానిపై నడచిపోయి, తమరుతో రంధ్రము చేసి, టిప్-అప్ అను పనిముట్టును ఆ రంధ్రముపై నిలుపుదురు. దాని యడ్డకొయ్య మంచుమీద నిలుచును. దారము చుట్టిన కండె నీటిలో మునిగియుండును, ఏలయన పైగాలిలో నున్నచో దారము తడిసి గడ్డకట్టును. ఎఱచేపను పెద్దచేప పట్టి లాగినంతనే కండె తిరిగి, ఒక కొక్కెము జాఱి, వంచియుంచిన చిన్నజెండా పైకి లేచును. జెండాను చూచినవారు పరుగున వచ్చి దారమును చేతులతో లాగుదురు. అచ్చట శత్రువు చలి. ఇచ్చట రాత్రియు, తుంగయు. అచ్చట జెండా లేచును. ఇచ్చట బద్దకొన వంగును. ఒకనికి రెండే చేతులుండగా నీటిని అనేకస్థానములందు ఎట్లు కనిపెట్టవలెనను ప్రశ్నమాత్రము ఉభయత్ర ఒక్కటియే.

గాలమువిద్య పామరులదని తలంచువారు కల్యాణచాళుక్యుడగు మూడవ సోమేశ్వరుని స్మరింపవలెను. 12వ శతాబ్దపు పూర్వార్ధమున ఆ రాజు రచించిన మానసోల్లాసమున మత్స్యవినోదమను అధ్యాయ మొకటి కలదు. చేపల జాతులు, అవి వసించు తావులు, వానికి వేయవలసిన మేతలు, గాలము వేయు విధము అందు వర్ణితములు. మత్స్యశాస్త్రవేత్త సుందరలాల్ హోరా 1951లో ఆ యధ్యాయమును పరిశీలించి ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు ప్రకటించెను. ఆంగ్లేయులలో దక్షిణకన్నడపు కలెక్టరుగా పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామసు 1873లో మనదేశపు గాలపువేటను గూర్చియు, 1887లో ప్రత్యేకముగా చెఱువులలో గాలము వేయుటను గూర్చియు గ్రంథములు వ్రాసెను. మైసూరు సంస్థానము 1901లో వేటజంతువులను, చేపలను కాపాడుటకై ఒక శాసనమునే చేసెను. రాజు వ్రాసెను, దొర వ్రాసెను. బాగేపల్లి గట్టున బద్ద నాటినవాని నేర్పునుగూర్చి మాత్రము ఎవరును వ్రాయలేదు.

ఈ విద్యకు మొదటి దెబ్బ చేపల సమృద్ధివలననే తగిలినది. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి గ్రంథిరసమును సూదిమందుగా నిచ్చి మనదేశపు గండెచేపలచే గ్రుడ్లు పెట్టించుటతో చేపపిల్లల ఉత్పత్తి సులభమయ్యెను. 1959లో జపానునుండి వెండిగండె, హాంకాంగునుండి గడ్డిగండె వచ్చెను. ఇవి కోట్లమందికి ఆహారమిచ్చిన మహోపకారములు, సందేహము లేదు. కాని బొచ్చె, రోహు, గడ్డిగండె పిల్లలను విడిచి చెఱువును గుత్తకిచ్చినచో, ఆ పిల్లలను మ్రింగు కొరమీను పగయగును. గట్టున బద్ద నాటువాడు దొంగయగును. గుత్తదారునిది తప్పని యనను. సొమ్ము కట్టినవాడు తన పంటను కాపాడుకొనును. అయితే తెలంగాణ రాష్ట్రము 2016లో రాష్ట్రమత్స్యముగా గౌరవించినది ఈ కొరమీనునే యని మఱువరాదు.

రెండవదెబ్బ మఱింత గట్టిది, నీరే పోయినది. పూడిక తీయువారు లేరు, వంకలు ఆక్రమింపబడెను, నీలగిరితోపులు పెరిగెను, బోరుబావులు వందల అడుగుల లోతునకు దిగెను. అనేక చెఱువులలో ఏండ్లకేండ్లు నీరు చేరకపోవుటచే ఒక తరము బాలురు గాలము పట్టకయే పెద్దవారైరి. బురదలో ఒక వేసవి ఓర్చుకొను కొరమీను పదివేసవుల కరవును ఓర్చుకొనలేదు. 2018 నుండి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కోలారు జిల్లా చెఱువులకును చింతామణి సీమకును, పిమ్మట మఱియొక మార్గమున చిక్కబళ్ళాపురపు చెఱువులకును ఎత్తిపోయుచున్నారు. ఆ నీటికి మూడవమెట్టు శుద్ధియు జరుగవలెనని రైతులు కోరుచున్నారు. ఆ కోరిక న్యాయమైనది, చేపను తినువాడు నీటినిగూడ తినుచున్నాడు గదా. 2021 నవంబరు వానలకు ఎన్నో ఏండ్లుగా కోడి పాఱని చెఱువులు పొంగి పొరలినవి. అప్పుడు గట్టులమీదికి జనము మరల వచ్చెను.

నీరు మరల చేరిన చెఱువులను గుత్తకిచ్చు గ్రామపంచాయతీలకు, మత్స్యశాఖకు నా విన్నప మొక్కటి. వేలపు షరతులు వ్రాయునప్పుడు, తుంగ మొలచు ఒక మూలను ఊరివారి గాలములకు విడిచిపెట్టుడు; వానకాలమున కొరమీను పిల్లలను కాచునన్నాళ్ళు అచ్చటగూడ గాలము నిషేధింపుడు. బద్ద నాటుట యెఱిగిన వృద్ధులు బాగేపల్లి, చింతామణి పల్లెలలో ఇంకను ఉన్నారు. దారము ఎంత పొడవు విడువవలెనో వారిని ఈ ఏడే అడిగి, బడిపిల్లలచేత వ్రాయింపుడు.