అటుకమీఁది గ్రంథములు

ఆంధ్రదేశమునఁ దాళపత్రగ్రంథములకు నెలవు తఱచుగా వంటయింటి యటుకయే. పొయ్యిపొగ పురుగును రానీయదు. కాని యాకు నానాఁటికిఁ బెళుసగును. అందుచే శిథిలము గాకమునుపే క్రొత్తయాకులపై గంటముతోఁ బ్రతి వ్రాసికొని, జీర్ణపత్రములను నదిలో విడుచుట యాచారమయ్యెను. దీనిని గ్రంథద్రోహమని నిందించుట తగదు. ప్రతి యింట నుండఁగా పాతయాకు నీటఁ గలిసినను కొఱఁత లేదు.

19వ శతాబ్దిని పోషణము తగ్గి, పిదప ముద్రణము వ్యాపించి, ప్రతి వ్రాయుట యుడిగెను. నీట విడుచుట మాత్రము నిలిచెను. నష్టము పుట్టిన దిక్కడనే. అచ్చుపడిన భారతమునకు లోటు రాలేదు. అచ్చెక్కని స్థలపురాణములు, వైద్యగ్రంథములు, ఊరికవుల శతకములు ఏటిపాలయ్యెను. కొన్ని భోగిమంటలఁ బడెను. పైచెక్కలు గట్టివి గావున వేఱుకట్టలకుఁ జేరుచుండెను. కాఁబట్టి చెక్కను జూచి పత్రముల కాలమును నిర్ణయింపరాదు. కట్టతుది ఖాళీయాకులందు జాతకములును అప్పుపద్దులును వ్రాసికొనుటయుఁ గలదు. పరిష్కర్తలు వీనిని త్రోసివేయుదురు. కాని పద్దులోని సంవత్సరనామము, అఱువదేండ్ల కొకమాఱు తిరిగివచ్చునదే యైనను, కాలనిర్ణయమున కొక్కొకప్పుడు గ్రంథాంతగద్యకంటె నెక్కువ సాయపడును.

1820లోఁ గడపకు వచ్చిన సి. పి. బ్రౌను దొర పిమ్మటఁ బండితులకును లేఖకులకును జీతములిచ్చి ప్రతులు వ్రాయించెను. గృహస్థులు మానుకొనుచున్న పనినే యాయన చేయించెను. ఆ సంపుటములు పెక్కు నేఁడు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖితగ్రంథాలయమున నున్నవి.