కార్బన్ తంతువుకు సిరామిక్ కవచం: ఆవిరి పూత పనితీరు

ఉక్కు కరిగిపోయే వేడిలోనూ కార్బన్ తంతువు బలం సడలదు. అయితే అది ఆక్సిజన్ లేనిచోట మాటే. గాలి తగిలితే 500 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటుగానే కార్బన్ ఆక్సీకరణ చెంది, వాయువుగా మారి తరిగిపోతుంది. ఈ బలహీనతకు విరుగుడే సిరామిక్ పూత. ఇందుకు విరివిగా వాడే పదార్థం సిలికాన్ కార్బైడ్.

శ్రీహరికోట నుంచి ప్రయోగించే పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ ఇంజిన్ల కోసం ఇస్రో 2024లో పరీక్షించిన కార్బన్-కార్బన్ నాజిల్‌కు కూడా ఈ పూతే రక్షణ. కొలంబియం మిశ్రలోహపు నాజిళ్ల స్థానంలో వీటిని అమరిస్తే బరువు 67 శాతం తగ్గి, రాకెట్ అదనంగా 15 కిలోల పేలోడ్‌ను మోయగలదని ఇస్రో అంచనా. ఆ ఏడాది ఏప్రిల్ 2న మహేంద్రగిరిలో 200 సెకన్ల పాటు జరిపిన పరీక్షలో ఉష్ణోగ్రత 1216 కెల్విన్లకు, అంటే సుమారు 943 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది.

తంతువులకు పూత వేయడానికి ఉన్న ప్రధాన మార్గాల్లో రసాయన ఆవిరి నిక్షేపణ ఒకటి. కొలిమిలో తంతువులను 1000 డిగ్రీలకు పైగా వేడిచేసి, మిథైల్‌ట్రైక్లోరోసిలేన్ ఆవిరిని హైడ్రోజన్‌తో కలిపి పంపుతారు. వేడి ఉపరితలంపై ఆ ఆవిరి విచ్ఛిన్నమై సిలికాన్ కార్బైడ్ పొరగా పేరుకుంటుంది. వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ లోహాలను తినేసే వాయువు కనుక దాన్ని శుద్ధి చేయాల్సిందే.

వినడానికి తేలికే గానీ, చిక్కంతా కొలతల్లో ఉంది. ఒక్కో తంతువు మందం 5 నుంచి 7 మైక్రాన్లు, అంటే తలవెంట్రుకలో దాదాపు పదో వంతు. అలాంటివి వేల సంఖ్యలో కలిస్తే ఒక కట్ట. ఆవిరి కట్ట అంచునే ఖర్చయిపోతే బయటి తంతువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, లోపలివి పూత లేకుండా మిగిలిపోతాయి. అందుకే పీడనం తగ్గించి నెమ్మదిగా నడపాలి. ఇక్కడ తొందర పనికిరాదు. పూత మందమైనా నష్టమే. తంతువు వంగే గుణం కోల్పోయి పెళుసుబారుతుంది.

అసలు సమస్య చల్లారేటప్పుడు మొదలవుతుంది. కార్బన్ తంతువు పొడవు వేడికి దాదాపు మారదు. సిలికాన్ కార్బైడ్ మాత్రం చల్లారేకొద్దీ కుంచించుకుంటుంది. ఫలితంగా పూతలో సన్నని పగుళ్లు ఏర్పడతాయి. పూత వేసిన ఉష్ణోగ్రతకు మళ్లీ చేరువైతే అవి మూసుకుంటాయి, పైన సిలికా పొర కూడా ఏర్పడి ఆక్సిజన్‌ను అడ్డుకుంటుంది. కాబట్టి అత్యధిక వేడి కంటే 500 నుంచి 1000 డిగ్రీల నడిమి దశే ప్రమాదకరం: పగుళ్లు తెరిచే ఉంటాయి, కార్బన్ కాలడానికి చాలినంత వేడీ ఉంటుంది. ఈ లోటు పూడ్చడానికి బోరాన్ కలిసిన పొరలను చేరుస్తారు. బోరాన్ ఆక్సీకరణతో ఏర్పడే ఆక్సైడ్ సుమారు 450 డిగ్రీలకే కరిగి పగుళ్లలోకి పారుతుంది. తేమ ఉన్నచోట మాత్రం అది త్వరగా ఆవిరైపోతుంది.