మనింటి దోమ, కేరళ తోట దోమ

సింగరేణి బొగ్గు గనుల నూరేళ్ల పేరు మోస్తున్న సెంటినరీ కాలనీలో చికున్‌గున్యా కథ వెతకాలంటే క్వార్టర్ల వెనక మూలన పెట్టిన కూలర్ల దగ్గర మొదలుపెట్టాలి. వానలు పడ్డాక అడుగున నిలిచిన నీళ్లను కదిపితే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ కిందికి జారుకుంటాయి. చికున్‌గున్యాను మోసే ఏడిస్ ఈజిప్టై దోమ పిల్లలు అలాగే ఉంటాయి. పక్కనే ఓపెన్‌కాస్ట్ గుంతలో చెరువంత నీరున్నా ఈ దోమకు అక్కర్లేదు. డ్రమ్ము, సంపు, పాత టైరు దొరికితే చాలు.

1952-53లో టాంగనీకాలోని మకొండే పీఠభూమిలో ఈ జ్వరం మొదటిసారి గుర్తింపుకొచ్చింది. ఆఫ్రికాలో వైరస్ అడవి దోమలు, కోతుల మధ్య తిరిగేది. ఆసియాకొచ్చి ఇంటి దోమ ఈజిప్టైను పట్టుకుంది. 1963లో కలకత్తా, మరుసటేడు మద్రాసు, ఆపై విశాఖ, కాకినాడ, రాజమండ్రి. 1973లో మహారాష్ట్రలోని బార్సీ. తర్వాత ముప్పై ఏళ్లు పెద్దగా జాడ లేదు. అవన్నీ ఆసియా రకం వైరస్‌లు.

2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ లేచింది. 2006లో దేశవ్యాప్తంగా 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు. జ్వరం కొద్ది రోజుల్లో దిగినా కీళ్లు నెలల తరబడి పట్టేసేవి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ జన్యువులు చదివి చూస్తే అది పాత ఆసియా రకం కాదు, ఆఫ్రికా రకం. అంతకుముందే, 2000లో, పుణె జిల్లా యవత్‌లో పట్టిన ఈజిప్టై దోమల్లో ఆ రకం దొరికింది.

అసలు విశేషం ఇక్కడుంది. అదే సమయంలో రీయూనియన్ దీవిలో వ్యాధిని మోసింది వేరే దోమ, ఆల్బోపిక్టస్. అక్కడి వైరస్‌లో సుమారు 11,800 జన్యు అక్షరాల్లో ఒక్కటి మారి, ఇ1 ప్రొటీన్ 226వ స్థానంలో అలనిన్ బదులు వాలిన్ చేరింది. దాంతో ఆల్బోపిక్టస్ పేగులోకి వైరస్ చాలా తేలిగ్గా చొరబడింది. 2007లో కేరళలోనూ ఆ మార్పే కనబడింది; రబ్బరు తోటల్లో పాలు పట్టే చిప్పల్లో నిలిచే వాననీళ్లు ఆల్బోపిక్టస్‌కు పుట్టిల్లు. 2006 నాటి మన వైరస్‌లలో మాత్రం అది లేదు. ఈజిప్టైలో వైరస్‌కు ఆ మార్పుతో ఒరిగేదేమీ లేదు మరి. పాత ఆసియా రకానికైతే ఆ దారే మూసుకుపోయింది: అదే ప్రొటీన్‌లో 98వ స్థానంలో ఉన్న తేడా వల్ల, 226 మారినా ఆల్బోపిక్టస్‌లో దానికి లాభం రాదు.



అలాగని వైరస్ ఇంటి దోమను వదిలేయలేదు. తర్వాతి ఏళ్లలో భారతదేశపు వైరస్‌లలో ఇ1లో 211, ఇ2 అనే మరో ప్రొటీన్‌లో 264 స్థానాల్లో మార్పులు జంటగా కనబడ్డాయి. 226 పాతదిగానే ఉన్నా, ఆ జంట ఈజిప్టైలో వైరస్ బలాన్ని పెంచుతుందని ప్రయోగశాలల్లో తేలింది. రబ్బరు తోటలు లేని బొగ్గుబెల్టు క్వార్టర్లకు లెక్కలోకొచ్చేది ఈ రెండో మార్పే.