ప్రతి మూడో మాట

ఫోనులో మిషను "దయచేసి మళ్ళీ చెప్పండి" అంటే మీకెలా ఉంటుందో గానీ, నాకైతే ఒళ్ళు మండుతుంది. మన గోదావరి ఇంగ్లీషు దానికి ఎక్కదు. రెండుసార్లు చూసి, ఏదో అంకె నొక్కి బయటపడతాను. నొక్కడం, టైపు చేయడం కూడా కష్టమైనవాళ్ళ సంగతేంటి? డౌన్ సిండ్రోమ్ గురించి చదివేదాకా నాకీ ప్రశ్నే రాలేదు.

1866లో లండన్‌కి దగ్గర్లోని ఎర్ల్స్‌వుడ్ ఆశ్రమంలో పనిచేస్తున్న డాక్టర్ జాన్ లాంగ్డన్ డౌన్ దీన్ని వివరంగా రాశాడు. ముఖాల పోలిక చూసి 'మంగోలియన్' అని పేరు కూడా తగిలించాడు (ఆ పేరు వద్దు మొర్రో అని 1965లో మంగోలియా దేశమే ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెప్పుకోవలసి వచ్చింది!). 21వ క్రోమోజోము అదనంగా ఒకటి ఉండటమే కారణమని 1959లో ఫ్రాన్సులో తేలింది. అప్పటికీ చాలామంది బతుకు అలాంటి ఆశ్రమాల గోడల మధ్యే.

అమెరికా లెక్కల్లో, చనిపోయేనాటికి వీళ్ళ మధ్యస్థ వయసు 1983లో 25 ఏళ్ళు. 1997కల్లా 49. మంచి వార్తే, కానీ దాంతోపాటే ఇంకో బెంగ: అమ్మానాన్నల తర్వాత ఎవరు? బస్సు ఎప్పుడొస్తుందో, మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఫోన్నే అడగగలిగితే ఆ బెంగ కొంచెమైనా తగ్గుతుంది కదా.

అడిగితే ఫోనుకి అర్థం కాలేదు. దాదాపు ప్రతి మూడో మాటా జారిపోయేది. నోటి కండరాల పట్టు తక్కువ, నోట్లో జాగా తక్కువ, అందుకని పలుకు వేరుగా ఉంటుంది. అంతకన్నా పెద్ద కారణం మనకి తెలిసిందే: ట్రైనింగ్ డేటాలో అలాంటి గొంతులు లేవు. 2019లో కెనడా డౌన్ సిండ్రోమ్ సొసైటీ గూగుల్‌తో కలిసి 'ప్రాజెక్ట్ అండర్‌స్టుడ్' మొదలుపెట్టింది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళే కూర్చుని, వాక్యం తర్వాత వాక్యం చదివి రికార్డు చేసి ఇచ్చారు. 150 ఏళ్ళు వాళ్ళని పరీక్షించినవాళ్ళే తప్ప, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది?

2022లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అమెజాన్, యాపిల్, గూగుల్, మెటా, మైక్రోసాఫ్ట్‌ల మద్దతుతో ఇలాంటి గొంతుల సేకరణే పెద్దఎత్తున చేపట్టింది. రోజూ కొట్టుకునే కంపెనీలు ఒక్కచోట చేరడం నాకు భలే ముచ్చటేసింది.

ఒకప్పుడు ఇలాంటి బగ్గొకటి నా దగ్గరకీ వచ్చింది. "చాలా తక్కువమందికి" అని రాసి, రెండు నిమిషాల్లో మూసేశాను. ఎంతమందికో లెక్క చూడలేదు.